రెండో నంబరు పళ్ళెం మీది దుమ్ము

నేను ఒక స్టీలు పళ్ళేన్ని. అంచు ఉన్న మామూలు పళ్ళేన్ని, పెళ్ళికి వెళ్ళేవాళ్ళు కొనుక్కుపోయే రకం. అయితే పుట్టి మూడేళ్ళు దాటుతున్నా నాలో ఇంతవరకు ఎవరూ ఒక్క ముద్ద అన్నం తినలేదు. నేను తిన్నదల్లా దుమ్ము. పోనీ ఆ దుమ్మునైనా తిన్నది తిన్నట్టు చెప్పానా అంటే, అదీ లేదు. అందుకే ఎవరైనా నన్ను చూసి "ఎంత మెరుస్తోందో" అంటే తలెత్తుకోలేను. ఈ ఉదయం కూడా ఒక కొత్త ఊళ్ళో, ఒక ఇంటావిడకు నన్ను చూపించి, ఇంజనీరమ్మ నా కథ చెప్పింది. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎలా వస్తుంది చెప్పండి?

మొదటి నుంచి చెబుతాను. ఒక పెద్ద రేకులో నుంచి నన్ను గుండ్రంగా కోశారు. ఒక ప్రెస్సు కింద పెట్టి ఒక్క దెబ్బ కొడితే నాకు అంచు వచ్చింది. ఆ తర్వాత ముక్కుకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన నన్ను తిరిగే చక్రానికి అదిమిపెట్టి మెరుపు తెప్పించాడు. నా ఒంటి నుంచి లేచిన పొడి ఆయన కనురెప్పల మీద పడింది. నేను మెరవడానికి ఎవరో ఒకరు దుమ్ము మింగారని ఆ రోజే తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు. నా మెరుపు చూసుకుని మురిసిపోయాను.

డజను మందిమి పాత పేపర్లలో చుట్టుకుని నంద్యాలలో ఒక పాత్రల కొట్టుకు చేరాం. ఆ కొట్టు గుమ్మం పక్కన ఒక మనిషి చిన్న మిషన్ పట్టుకుని పాత్రల మీద పేర్లు కొట్టేవాడు. సూది టకటకమని పొడుస్తుంటే 'మేనత్త దీవెనలతో' అనో, 'పిన్నమ్మ కానుక' అనో చుక్కలు చుక్కలుగా అక్షరాలు లేచేవి. నాతో వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ పేరు కొట్టించుకుని, ముఖం వెలిగిపోతూ వెళ్ళిపోయారు. నా వంతు ఎప్పుడా అని నేను చూస్తూ కూర్చున్నాను.

ఒక రోజు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి వచ్చింది. మెడలో ఐడీ కార్డు, కాళ్ళకు ఎర్రమట్టి పట్టిన బూట్లు. పేరు నస్రీన్. నాపరాళ్ళ క్వారీల దగ్గర రోడ్లు చూసే ఇంజనీరు.

"ఒకే అచ్చువి నాలుగు పళ్ళేలు ఇవ్వండి," అంది.

"పేరేం కొట్టమంటారమ్మా?" అన్నాడు కొట్టాయన.

"పేర్లొద్దు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కొట్టండి, చాలు."

"ఏమ్మా, జైల్లో వాళ్ళకా?"

"కాదు, మట్టికి," అని నవ్వింది ఆ అమ్మాయి.

అలా నాకు పేరు రాలేదు, రెండో నంబరు వచ్చింది.

ఇక నస్రీన్ పని చెప్పాలి. ఎర్రమిట్ట అనే ఊరు ఉంది. ఊరి మీదుగా క్వారీ రోడ్డు పోతుంది, తారు లేని మట్టిరోడ్డు. పొద్దస్తమానం నాపరాళ్ళ లారీలు. ఒక లారీ పోయిందంటే దాని వెనక ఎదురింటి తలుపు కూడా కనబడనంత దుమ్ము. వాన పడితే ఇంకో బాధ. రోడ్డు అంచు కోసుకుపోయి ఆ గులకమట్టి అంతా పల్లంలోకి దిగేది. మట్టిని పట్టి ఉంచే మందులు ఉన్నాయి, వాటిలో ఒకదాన్ని ఎంచి రోడ్డంతా చల్లాలని క్వారీవాళ్ళు అనుకున్నారు. ఎంచే పని నస్రీన్ మీద పెట్టారు.

ఆమె రోడ్డును నాలుగు ముక్కలు చేసింది. మొదటి ముక్కకు వట్టి నీళ్ళే, పోల్చి చూసుకోవడానికి. రెండో ముక్కకు కాల్షియం క్లోరైడ్, చూడ్డానికి రాళ్ళ ఉప్పులాగే ఉంటుంది. గాలిలో తేమను లాక్కుని మట్టిని చెమ్మగా ఉంచుతుంది. మూడో ముక్కకు లిగ్నిన్, కాగితం మిల్లులో మిగిలే నల్లటి పాకం, కాగిన బెల్లం వాసన కొడుతుంది. నాలుగో ముక్కకు పాలిమర్, పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే మట్టి రేణువులను బంకలా కలిపి పట్టుకుంటుంది. ఒక్కో ముక్క పక్కన ఒక్కో పళ్ళెం. వారం రోజులు పడిన దుమ్మును శనివారం నాడు కుంచెతో కాగితంలోకి దులిపి, కంసాలి త్రాసు లాంటి చిన్న త్రాసులో తూచాలి. ఎవరి మీద దుమ్ము తక్కువ పడితే ఆ ముక్కకు చల్లిన మందు మంచిది. అంత తేలిక లెక్క. ఆ లెక్కను చెడగొట్టింది నేను.

ఒకటి, మూడు, నాలుగు నంబర్లకు ఇళ్ళు లేని చోట నిలువుగా పాతిన రాతి కూసాల మీద చోటు దొరికింది. నన్ను మాత్రం సుంకులమ్మ ఇంటి ముందు బండల గోడ మీద పెట్టారు. సుంకులమ్మకు డెబ్భై దాటాయి. కొడుకు క్వారీలో రాయి కోసే మిషన్ మీద పనిచేస్తాడు. ఇంట్లో ఆమె, కోడలు మద్దిలేటమ్మ. ఇంటి వెనక, రోడ్డు వాలుకు కింద, ఇరవై సెంట్ల కనకాంబరాల తోట. ఆ తోట ఆమె ప్రాణం. పాతికేళ్ళుగా తెల్లవారుజామున పూలు కోసి, మూరలు కట్టి, మొదటి బస్సుకు నంద్యాల పంపుతోంది. దుమ్ము పడిన కనకాంబరాన్ని ఎవరూ తలలో పెట్టుకోరు. కడిగితే వడలిపోతుంది. పోయిన ఏడాది వానకు రోడ్డు గులక దిగి రెండు సాళ్ళు పూడిపోయాయి. మంచి మందు పడితే తోట బతుకుతుంది, లేకపోతే లేదు. ఈ సంగతి సుంకులమ్మకు తెలుసు, నస్రీన్‌కు తెలుసు, గోడ మీద కూర్చున్న నాకూ తెలుసు.

నన్ను పెట్టింది సూపర్‌వైజర్ ఓబులపతి. పళ్ళేల జోలికి ఎవరూ రాకుండా ఊళ్ళో చెప్పమని నస్రీన్ అతనికి చెప్పింది. ఆ ఊళ్ళో పళ్ళేన్ని తట్ట అంటారు. అతను చెప్పిన తీరు ఇదీ:

"అవ్వా, ఈ తట్ట ఇంజనీరమ్మది. ఎవురూ ఎత్తుకోని పోకుండా చూసుకో. పోయిందంటే నా మీదికొస్తాది."

"మా గోడ మింద పెట్టిన తట్ట యాడికి పోతాది నాయనా? నేనుండాను కద," అంది సుంకులమ్మ.

అతని బుద్ధి దొంగతనం వరకే వెళ్ళింది. శుభ్రం వైపు వెళ్ళలేదు.

మొదటి శుక్రవారం సాయంత్రం సుంకులమ్మ వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లింది. గోడ వైపు చూసింది. ఐదారు రోజుల ఎర్రదుమ్ము నా మీద పొరలా ఉంది.

"పాపం, ఆ పిల్ల తట్ట చూడు ఎట్లయిందో," అంది కోడలితో. "రేపొచ్చి చూస్తే ఏమనుకుంటాది? సుంకులమ్మ ఇంటికాడ పెడితే తట్టకు మడ్డి పట్టిందనుకోదా?"

"అత్తా, అది దుమ్ముకే పెట్టినారంట కద. బోరింగు కాడ అనుకుంటాండిరి," అంది మద్దిలేటమ్మ.

"దుమ్ముకు ఎవురన్నా తట్ట పెడ్తారా మే? దుమ్ము కావాలంటే మన కొట్టంలో లేదా? చాట నిండికి ఇస్తా."

మద్దిలేటమ్మ నవ్వి ఊరుకుంది. అత్త నన్ను రెండు చేతులతో దించి, చీర చెంగుతో తుడిచింది. అంచు చుట్టూ వేలు పెట్టి, నంబరు చుక్కల్లో ఇరుక్కున్న మట్టి కూడా గోటితో తీసి, మళ్ళీ గోడ మీద పెట్టింది.

దాచకుండా చెప్పాలి కదా. నాకు హాయిగా అనిపించింది. కొట్టు వదిలాక నన్ను పళ్ళెంలా చూసిన మొదటి చెయ్యి అదే. నేనిక్కడ ఉన్నది దుమ్ము పట్టడానికని నాకు తెలుసు. గాలి వచ్చినప్పుడు గోడ మీద నుంచి దొర్లి కింద పడొచ్చు, రాతికి తగిలి సొట్ట పోవచ్చు, ఏదో ఒక అనుమానం పుట్టించొచ్చు. అదేం చేయలేదు. వచ్చే శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చూశాను.

ఆరు శుక్రవారాలు అలాగే గడిచాయి. శనివారం మధ్యాహ్నం నస్రీన్ వచ్చేసరికి నా మీద ఒక్క రాత్రి, ఒక్క పూట దుమ్ము ఉండేది. అసలు లేకపోతే ఆమెకు అనుమానం వచ్చేది. కొంచెం ఉండేసరికి నమ్మింది. సుంకులమ్మ తలుపు చాటున నిలబడి, ఆ అమ్మాయి ముఖంలో మెచ్చుకోలు చూసి సంతోషపడేది. ఆ మెచ్చుకోలు ఉప్పు మందును చూసి అని ఆమెకు తెలియదు.

చివరి శనివారం నస్రీన్ దుమ్ము దులుపుకున్నాక సుంకులమ్మ నన్ను లాక్కుని లోపలికి పోయి, ఉడకబెట్టిన శనక్కాయలు నింపి తెచ్చింది.

"తట్టను ఉత్తగ ఇచ్చేది మా ఇంట్ల లేదు పాపా. తిను."

నస్రీన్ జీపులో కూర్చుని ఒలుచుకుంటూ తింది. ఓబులపతి కూడా గుప్పెడు తీసుకున్నాడు. అవ్వ నన్ను ఇంటి పళ్ళెంలాగే చూస్తోందని ఆ నిమిషాన కూడా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నవాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. శనక్కాయలు బాగున్నాయి.

క్వారీ ఆఫీసులో మమ్మల్ని నలుగురినీ బల్ల మీద వరసగా పెట్టారు. ఒక్కొక్కరి ముందు ఆరు వారాల దుమ్ము పొట్లాలు. ఒకటో నంబరు పొట్లాలు గుప్పెడంత ఉన్నాయి. మూడోదానివి అందులో సగం. నాలుగో నంబరువి చాలా తక్కువ. నావి అంతకన్నా తక్కువ. నాలుగో పళ్ళెం నా వైపు చూసినట్టే అనిపించింది. పిట్టలు రెట్టలు వేసినా, ఎండకు కాలినా, ఉన్నది ఉన్నట్టు మోసుకొచ్చింది పాపం.

నస్రీన్ నుదురు ముడివేసింది. "ఈ మందుకు గాలిలో తేమ కావాలి. ఈ ఎండల్లో మనకు తేమ ఎక్కడిది? ఇంత బాగా ఎలా పనిచేసింది?" అంది.

"పళ్ళెం అబద్ధం చెప్తాదా మేడం?" అన్నాడు ఓబులపతి.

ఆమె రాసుకున్న కాగితంలో ఒక వాక్యం ఉంది. 'వాలు కింద తోటలు ఉన్న చోట ఉప్పు మందు వాడకూడదు, వానకు కరిగి దిగుతుంది.' ఆమె కలం ఆ వాక్యం మీద చాలాసేపు ఆగింది. నన్ను ఒకసారి చూసింది. ఆ వాక్యం కొట్టేసి, 'మోతాదు తగ్గించి వాడవచ్చు' అని రాసింది. మట్టి గురించి తను చదివినదాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మింది. నన్ను ఒకరు నమ్మడం అదే మొదటిసారి. ఆ నమ్మకం ఎక్కడికి దారి తీసిందో చూడండి.

మే నెలలో రోడ్డంతా ఉప్పు మందు చల్లారు. నన్ను నస్రీన్ తీసుకెళ్ళి సుంకులమ్మకు ఇచ్చేసింది. "నువ్వే ఉంచుకో అవ్వా, ఇందులో అన్నం తిను," అంది.

"నేను తినను. ఇది నీ తట్ట. నువ్వొచ్చిన పొద్దు నీకే బువ్వ పెడ్తా," అని సుంకులమ్మ నన్ను వెనక గదిలో కిటికీ పక్క గూట్లో నిలబెట్టింది. ఆ కిటికీలో నుంచి తోట కనబడుతుంది. చూడమనే కాబోలు, నాకు ఆ చోటే దొరికింది.

ట్యాంకరు నీళ్ళు పోసినన్నాళ్ళు దుమ్ము అణిగింది. తర్వాత మళ్ళీ లేచింది. వానలు వస్తే తేమకు సర్దుకుంటుందిలే అన్నారు. జూన్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం రెండు గంటల పాటు వాన దంచింది. రోడ్డు అంచు కోసుకుపోయి విరిగింది. ఎర్రనీళ్ళు వాలు దిగి తోటలో నిలిచాయి. మట్టి దిగడం పోయిన ఏడాదీ చూసిందే. ఈసారి నీళ్ళతో పాటు రోడ్డు మీది ఉప్పంతా దిగింది. నాలుగు రోజులకు ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. పది రోజులకు మొగ్గలు విచ్చకుండానే రాలాయి. సుంకులమ్మ ఉదయాన్నే సాళ్ళ మధ్య వంగి మొదళ్ళు పట్టి చూసేది. నాలుక మీద మట్టి వేసుకుని ఉమ్మేది. ఎవరినీ తిట్టలేదు. మొదటి బస్సు హారన్ కొట్టుకుంటూ పోతుంటే వాకిట్లో ఉత్త చేతులతో నిలబడేది. మూలనున్న మూడు సాళ్ళు తప్ప తోటంతా పోయింది.

కబురు తెలిసి నస్రీన్ వచ్చింది. బూట్లు విప్పి తోటలో దిగింది. మట్టి ఒక సంచిలోకి ఎత్తుకుంది. చాలాసేపటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"తిని పో పాపా. పొద్దున్నుంచి ఏం తిన్యావో ఏమో," అంది సుంకులమ్మ. కోడలితో, "ఆ పిల్ల తట్ట తే," అంది.

మద్దిలేటమ్మ నన్ను తెచ్చి ఇచ్చింది. అత్త అలవాటుగా చెంగు తీసి, అంచు చుట్టూ వేలు తిప్పుతూ తుడవసాగింది.

"చూడు, కొత్తగ ఉండాది. గోడ మింద ఉన్నప్పుడు కూడ శుక్రారం శుక్రారం ఇట్లే తుడిచి పెడ్తాంటి. నువ్వొచ్చేతలికి దుమ్ముంటే నాకు నామర్దా కద."

నస్రీన్ చేతులు కడుక్కుంటోంది. చెంబు అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"ప్రతి శుక్రవారమా అవ్వా?"

"ఒక్క వారం తప్పలే."

నేనున్నది సుంకులమ్మ చేతిలో. భూమి చీలి మింగితే బాగుండుననుకున్నాను. అన్నం గిన్నె మూత తీసి ఉంది, ఆవిరి వస్తోంది, ఎవరూ వడ్డించలేదు.

గుమ్మంలో నిలబడ్డ ఓబులపతి ముందుగా తేరుకున్నాడు. "అవ్వా, ఎంత పని చేస్తివి. నీ తోటకు నువ్వే..."

"ఓబులపతి గారూ, ఆగండి," అంది నస్రీన్. "ఎత్తుకుపోవద్దని మీరు చెప్పారు. తుడవొద్దని ఎవరు చెప్పారు? ఎందుకు పెట్టామో నేను ఒక్కసారైనా ఈ అరుగు మీద కూర్చుని చెప్పానా? ఉప్పు వద్దని రాసింది నేను. కొట్టేసిందీ నేనే."

సుంకులమ్మకు అప్పటికి అర్థమైంది. నన్ను అరుగు మీద బోర్లించింది. చెంగును ఒళ్ళో ముడిచిపెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుంది.

"అయితే నేను తుడిచింది దుమ్ము కాదా పాపా," అని ఒక్క మాట అంది.

మద్దిలేటమ్మ 'నేను అప్పుడే చెప్పినా' అని అనొచ్చు. అనలేదు. అత్త పక్కన కూర్చుంది. ఆ కోడలి మంచితనం ముందు నా మెరుపు ఏపాటిది?

నస్రీన్ జరిగింది జరిగినట్టు ఆఫీసులో రాసి ఇచ్చింది. మాటలు పడింది. రోడ్డు మీది ఉప్పు పొరను గీకి ఎత్తించి, కొత్త గ్రావెల్ పరిపించింది. తోటలో కాలువలు తీయించి, మంచినీళ్ళ ట్యాంకర్లతో మట్టిని కడిగించింది. మళ్ళీ జనవరిలో నాలుగు ముక్కలు, నాలుగు పళ్ళేలు. ఈసారి సుంకులమ్మ ఇంటి ముందు ముక్కకు, రోడ్డు అంచులకు కూడా, పాలిమర్ పోశారు. "ఒక వాన చూడకుండా ఈసారి ఏదీ ఎంచను," అంది నస్రీన్. అరుగు మీద కూర్చుని అత్తాకోడళ్ళకు అంతా విడమరిచి చెప్పింది.

నేను మళ్ళీ గోడ ఎక్కాను. వారానికి ఒక్క శనివారమే నన్ను కుంచె ముట్టేది. మిగతా రోజులు నా మీద దుమ్ము, ఎండుటాకులు, ఒక్కోసారి పిట్ట రెట్ట. సుంకులమ్మ వాకిలి ఊడ్చినప్పుడల్లా చెయ్యి గోడ దాకా వచ్చేది. చెంగు పట్టుకుని, మళ్ళీ వదిలేసి వెళ్ళిపోయేది. ఆమెకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. నాకూ కష్టంగానే ఉండేది, కానీ ఆ కష్టానికి నేను తగినదాన్ని.

ఉగాది ముందు గురువారం మద్దిలేటమ్మ తల్లి కూతుర్ని చూడ్డానికి ఊరి నుంచి వచ్చింది. గడపలో కాలు పెట్టకముందే ఆమె కన్ను నా మీద పడింది.

"ఏమొదినా, తట్ట కడిగే దిక్కు లేదా మీ ఇంట్ల? బిడ్డనిచ్చినప్పుడు అద్దం మాదిరి ఉండె మీ ఇల్లు."

వియ్యపురాలు అన్న మాట. వాకిట్లో అటూ ఇటూ పోయేవాళ్ళు విన్నారు. సుంకులమ్మ ముఖం ఎర్రబడింది. చెంగు వేళ్ళ మధ్య నలిగింది. ఇప్పుడు తుడిచేస్తుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే తుడవకూడదని మొక్కుకున్నాను. నేను అలా మొక్కుకోవడం అదే మొదలు.

"అది కడగకూడదు వదినా," అంది సుంకులమ్మ. "ఒకతూరి కడిగి తోట పోగొట్టుకుంటి. రా, లోపలికి రా."

జూన్‌లో వాన వచ్చింది, పోయిన ఏడాది లాంటి వానే. సుంకులమ్మ ఇంటి ముందు రోడ్డు అంచు నిలిచింది. లిగ్నిన్ పోసిన ముక్కలో నల్లటి నీళ్ళు కారిపోయాయి, రెండు చోట్ల గుంటలు పడ్డాయి. తోటలోకి దిగిన నీళ్ళు నస్రీన్ దోసిట్లో పట్టి చూసింది, తేటగా ఉన్నాయి. ఎండ కాసి దారి ఆరాక రెండు శనివారాలు ఆగి, చివరిసారి వచ్చింది. నా మీది దుమ్మును కాగితంలోకి దులిపి, తూచి, రాసుకుంది. తక్కువే ఉంది. ఈసారి ఆ తక్కువ నాది కాదు, రోడ్డుది.

సుంకులమ్మ పక్కనే నిలబడి ఉంది. కుంచె సంచిలోకి వెళ్ళేదాకా ఆగింది.

"ఇప్పుడు తుడవచ్చునా పాపా?"

నస్రీన్ తల ఊపింది.

సుంకులమ్మ నన్ను దించింది. అదే చెంగు, అదే వేలు. నంబరు చుక్కల్లో మట్టి గోటితో తీసింది. పోయిన ఏడాది ఆ చెయ్యి తగిలితే పొంగిపోయాను. ఈసారి ఒళ్ళు ముడుచుకున్నాను. ఆమె మాత్రం నన్ను ఎప్పుడూ తుడిచినంత శ్రద్ధగానే తుడిచింది. తర్వాత తోటలోకి వెళ్ళింది. ఆ మూడు సాళ్ళలో వెతికి, వెతికి తిరిగి వచ్చింది.

"ఇంకో ఊర్ల ఇట్లనే పెట్టేదుందంటివి కద. తీసుకోని పో. ఆడ ముందే చెప్పు వాళ్ళకు," అంటూ నన్ను నస్రీన్ చేతుల్లో పెట్టింది.

ఉత్తగా ఇవ్వలేదు. నాలో రెండు కనకాంబరాలు ఉన్నాయి. ఆ రోజు తోటలో విచ్చింది అవే. గ్రాముల్లో తూగే దుమ్ము మోయడం అలవాటైనదాన్ని, ఆ రెండు పూలను మోయలేకపోయాను.